సీరియస్ అన్న కబురు

నా చిన్నప్పుడు ఉదయగిరిలో బడి గడప తొక్కని ముసలమ్మలకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటుండేది: సీరియస్. పట్నంలో పిల్లలు సీరియస్‌గా చదువుతారట, కొందరు మొహం సీరియస్‌గా పెడతారట. మాకు మాత్రం అది జబ్బు మాటే. ఫలానా వాళ్లకు సీరియస్ అని వినబడితే చాలు, పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లు కూడా లేచి బయటికొచ్చేవాళ్లు. ఆ మాటంటే నాకు చచ్చేంత భయం.

ఒకరోజు మధ్యాహ్నం పక్కింటి శెట్టెమ్మ మా ఇంటికొచ్చింది. మా వీధిలో ఫోను వాళ్ల అంగట్లోనే ఉండేది. "మీ నాయనకు సీరియస్ అంట. కలువాయి నుంచి ఫోన్ చేసినారు," అంది అమ్మతో. అమ్మ నెలల తమ్ముణ్ణి ఎత్తుకుని ఉన్నపళంగా బయల్దేరబోయింది. శెట్టెమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కంచంలో అన్నం కలిపింది.

"గొంతులో ఎట్ట దిగతాదక్కా!" అంది అమ్మ.

"దిగకపోతే మజ్జిగ పోసుకో. చంకలో బిడ్డ ఉండాడు, వాడికి పాలు వద్దా?"

కసిరి కసిరి తినిపించింది. ఇంతలో, మంచి గిరాకీ ఉండే వేళ, శెట్టి అంగడి తలుపులు మూయడం చూశాను. చావు కబురొస్తే తప్ప ఆ వేళ ఆయన మూసేవాడు కాదు. 

శెట్టెమ్మ కూడా మాతో బస్సెక్కింది. ఆత్మకూరులో బస్సు మారాం. దారి పొడుగునా అమ్మ, వాళ్ల నాయనను నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతానని, మంచి డాక్టరుకు చూపిస్తానని చెబుతూనే ఉంది. శెట్టెమ్మ ఊఁ కొడుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. మేము కలువాయిలో తాతయ్య వాళ్ల వీధిలోకి తిరగగానే అరుగుల మీదివాళ్లు తలలు దించుకున్నారు. అమ్మ అక్కడే కూలబడింది. తాతయ్య పొద్దున్నే పోయాడట.

శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, కూతురు మెతుకు ముట్టదు. మద్రాసు నుంచి మామయ్య వచ్చేసరికి మర్నాడయింది. అందాకా తమ్ముడికి అమ్మ పాలే ఆధారం, అమ్మకు శెట్టెమ్మ పెట్టిన ఆ అన్నమే ఆధారం.

కర్మ అయిపోయాక అమ్మ ఆవిణ్ణి నిలదీసింది. "నీకు ముందే తెలుసు కదక్కా?"

"తెలుసు. చెప్పుంటే ముద్ద ముట్టేదానివా?"

అమ్మ ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చింది.

పోయినేడు మా అక్క కొడుకు ఫోన్ చేసి, "అమ్మకు సీరియస్‌గా ఉండాది పిన్నీ, బయల్దేరు," అన్నాడు. ఏమైంది, ఏ ఆసుపత్రి అని నేను అడగలేదు. కంచం పెట్టుకుని కూర్చున్నాను. ముద్ద ముద్దకీ ఏడుస్తూ, కడుపు నిండా తిన్నాను.