ఓటీపీ మామ ఫోనుకు వస్తది

2019 వానాకాలంలో నన్ను నల్గొండ ఆఫీసు నుంచి పోచంపల్లి బ్రాంచికి సర్వీసు డెస్కు ఇన్‌ఛార్జిగా వేశారు. మాది కేబుల్ టీవీతో మొదలై ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే స్థాయికి ఎదిగిన ఒక ప్రైవేటు కంపెనీ. ఇన్‌ఛార్జి అంటే పెద్ద హోదా ఏమీ కాదు. పైన బ్రాంచి మేనేజరు, కింద ఇద్దరు లైన్‌మెన్లు, మధ్యలో తిట్లు తినడానికి నేను. బడి మెట్లెక్కకుండా మా బాపు దగ్గర ఇంట్లోనే చదువుకొని, పది ప్రైవేటుగా రాసి పాసైన దాన్ని. ఆ కుర్చీ కూడా దేవుడిచ్చిందేనని రోజూ దండం పెట్టుకునే కూర్చునేదాన్ని.

ఆ ఏడాదే మా కంపెనీకి కస్టమర్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని నిర్ణయించింది.

పద్ధతి ఇదీ. ఒక ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా, బయటికి పోయే దారి గోడకు బిగించిన మా పెట్టె ఒక్కటే. ఆ ఇల్లు ఏమేం వెతుకుతుందో పెట్టె నంబరు మీద మాకు జమయ్యేది. దాన్నిబట్టి ఇంటిని ఒక వర్గంలో వేసేవారు. మోకాళ్ల నొప్పుల ఇల్లు, బంగారం కుదువపెట్టే ఇల్లు, పిల్లల కోసం దవాఖానాలు వెతికే ఇల్లు. ప్రకటనదారు ఆ వర్గాన్ని కొనుక్కుంటే, ఆ ఇంట్లో ఎవరు ఏ పేజీ తెరిచినా అడుగున అతని ప్రకటన పట్టీలాగా వచ్చేది.

శిక్షణకు హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారి, మనం పేర్లు ఇవ్వం, పెట్టె నంబర్లే ఇస్తాం అని ధైర్యం చెప్పారు. కస్టమర్లు ఒప్పుకున్నారా అని అడిగాను. కనెక్షన్ కాగితంలో ఒప్పుకున్నట్టు ముందే టిక్కు అచ్చువేసి ఉందట. పాపం, వాళ్లకు ఆ శ్రమ కూడా లేకుండా చేశారు. అంతవరకు మనిషి మనసులోని కోరిక దేవుడికి ఒక్కడికే తెలుస్తుందనుకునేదాన్ని. అప్పటి నుంచి మా హెడ్డాఫీసుకు కూడా తెలిసేది. దేవుడు దాన్ని ఎవరికీ అమ్ముకోడు, అదొక్కటే తేడా.

పట్టీలు మొదలైన కొద్ది రోజులకు రజిత అనే అమ్మాయి ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆమె యాదగిరి గారి కోడలు. యాదగిరి మాస్టర్ వీవర్, అంటే నేతగాళ్ల ఇళ్లకు నూలిచ్చి చీరలు నేయించుకునే ఆసామి. కోడలు ఎంత మెల్లగా మాట్లాడిందంటే, వెనక మగ్గం చప్పుడే నాకు ఎక్కువ వినిపించింది.

"మేడం, జర గా పట్టీ బంద్ చేస్తరా? 'పది తప్పారా? ఏడాదిలో పాసవ్వండి' అని మా మామ ఫోన్ల వస్తాంది, అత్త ఫోన్ల వస్తాంది."

అలాంటిది ఎవరు వెతికారమ్మా అని అడిగాను.

"నేనే అక్కా. పదిల లెక్కలు తప్పిన. పెండ్లప్పుడు మా నాయిన ఇంటర్ పాసని చెప్పిండు. మా మామ గా ముచ్చట వాడంత చెప్పుకున్నడు. ఇప్పుడు తెలిస్తె మా నాయినను కులంల నిలవెట్టి అడుగుతరు. ఓపెన్ స్కూల్ల రాసి పాసయితె, ఇంటర్ గూడ అట్లనే గట్టెక్కుత. చెప్పింది నిజమైతది గదా."

అబద్ధాన్ని మరో అబద్ధంతో కప్పేవాళ్లను చాలామందిని చూశాను. లెక్కలు చదివి దాన్ని నిజం చేద్దామనుకున్న మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. కానీ మా పద్ధతి ప్రకారం పట్టీ ఆపాలంటే కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లే అడగాలి. వాళ్ల ఫోనుకు ఓటీపీ వెళ్తుంది, అది మాకు చెప్పాలి.

"ఓటీపీ మామ ఫోనుకు వస్తది. మామకు తెల్వకుంట ఉండాలంటె మామనే అడగాల్నా అక్కా?"

అవునని చెప్పాను. మా రూల్సులో దీన్నే కస్టమర్ భద్రత అంటారు. బిల్లు మామ పేరున ఉంది కాబట్టి కస్టమర్ ఆయనే. వెతికిన రజిత మా రికార్డుల్లో ఎవరూ కాదు. ఆమె వెతికింది మాత్రం మా రికార్డుల్లో భద్రంగా ఉంది.

అదే వారం యాదగిరి గారు ఆఫీసుకు వచ్చారు. చెప్పులు బయట విడిచి వచ్చారు కానీ కోపం విడవలేదు.

"ఏమమ్మా, నీ నెట్టు నన్ను ఎక్కిరిస్తాందా? నేను సదివిందే నాలుగు. పది రాస్తె గద తప్పుడు!"

మేనేజరు నవ్వారు.

"నవ్వకు సారూ. మా పిలగాడు డిగ్రీ, కోడలు ఇంటర్. గా పిల్ల నూలు లెక్క నోటితోనే చెప్తది. ఇగ మా ఇంట్ల తప్పినోడెవడు? ఎవడో నా నెట్టు దొంగతనంగ వాడుతుండు. ఎవడో నాకు జెప్పాలె."

మేనేజరుకు ఆ నెల కస్టమర్ సంతృప్తి మార్కులు తక్కువ పడ్డాయి. ఉత్సాహంగా వివరించారు. ఆఫీసుకు పెట్టె నంబరు వరకే కనిపిస్తుందట. లైన్‌మన్ ఇంటికి వెళ్లి పెట్టె లోపలి రికార్డు తెరిస్తే ఏ ఫోను ఏ సైటు చూసిందో వచ్చేస్తుందట. కస్టమర్ అడిగితే రేపే పంపిస్తానన్నారు.

నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఆ రోజు దాని అవసరం కూడా రాలేదు. మా రూల్సు చాలు. వాటిని రాసినవాళ్లకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

"యాదగిరన్నా, ఊరికే తెరవరాదు. దరఖాస్తు పెట్టాలె, కారణం రాయాలె. 'మా ఇంట్ల పది తప్పినోళ్లెవరో తెలుసుకోవాలె' అని రాసి సంతకం పెట్టుండ్రి. ఈడ సారు చూసి నల్గొండకు పంపుతరు. ఆడ చూసి హైదరాబాద్ పంపుతరు. వాళ్లు సరే అంటె లైన్‌మన్ వస్తడు."

ఆయన సారును, నల్గొండను, హైదరాబాద్‌ను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. తర్వాత, "గంతమంది చూస్తరా? నా ఇంటి ముచ్చట ఆళ్లకెందుకమ్మా?" అన్నారు.

కస్టమర్ల ప్రైవసీకి మేం కట్టుబడి ఉన్నామని మేనేజరు కల్పించుకున్నారు.

"ఏంది సారూ కట్టుబడేది? నూలుకు ముడులేసి కొత్త డిజైను కట్టినప్పుడు పక్కింటోడు సూడకుంట దాని మీద దుప్పటి కప్పుకునేటోన్ని నేను. మీరు నా ఇంటి ముచ్చట దండోరా ఏస్తమంటరా? ఏం వద్దు. గా పట్టీ బంద్ వెట్టుండ్రి."

వెంటనే కంప్యూటర్లో నొక్కాను. ఆయన ఫోను మోగింది. అంకెలు సన్నగా ఉన్నాయి, జర నువ్వే సదువుకో అమ్మా అని ఫోను నా చేతికిచ్చారు. రజితకు దొరకని ఓటీపీ అంత సులువుగా నా చేతికొచ్చింది.

లేచి గుమ్మం దాకా వెళ్లినవారు ఆగారు. నా వైపు చూడకుండా అడిగారు.

"గా పరీచ్చ ఎప్పుడుంటదట?"

"పట్టీ మీద ఉంటుండె అన్నా. ఇప్పుడే బంద్ చేసినం గదా."

"ఊకెనే అడిగిన," అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. ఆయనకు ఎంత తెలుసో నేను అడగలేదు. అడిగేది మా డ్యూటీలో లేదు.

కస్టమర్ సంతృప్తికి ఒక మార్కు పెరిగిందని మేనేజరు సంతోషించారు. పట్టీ ఆ రాత్రికే ఆగింది. అయితే ఆగింది పట్టీ మాత్రమే. ఆ ఇల్లు ఏం వెతుకుతుందో జమ కావడం ఆగలేదు. ప్రకటన ఆపమంటే ప్రకటన ఆపుతారు, చూడటం ఆపమని ఎవరూ అడగలేదు కదా. నేను రిటైరయ్యేదాకా ఆ ఇంటి వర్గం మారిందో లేదో, అంటే రజిత పది దాటి ఇంటర్ పుస్తకాల దాకా వచ్చిందో లేదో, నా కుర్చీలోంచి ఒక్క నొక్కుతో తెలిసేది. నేను నొక్కలేదు. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల సంగతి చెప్పలేను.

ఈ వృత్తిలో నాకు తెలిసింది ఇంతే. కస్టమర్ రహస్యాన్ని కాపాడేది కంపెనీ విధానం కాదు, చూడగలిగినవాళ్లు చూడకపోవడం. దాని మీద ఆధారపడి బతకమని ఎవరికీ సలహా ఇవ్వను. కనెక్షన్ తీసుకునేటప్పుడు అందరూ స్పీడెంత, రేటెంత అని అడుగుతారు. వాటితో పాటు, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో కూడా అడగండి.