పచ్చి తొడిమ

నిన్న అనంతపురం కూరగాయల మార్కెట్లో ఒకామె అడిగితే దుకాణందారు పెద్ద తీపి గుమ్మడికాయను నిలువునా కోశాడు. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే కొనాల్సినవి మరచిపోయి పక్కకు వచ్చి నిలబడ్డాను. ఆ వాసనకు నాకు హుసేనప్ప తాత గుర్తొస్తాడు. నేను యాడికి అనే ఊళ్ళో టీచరుగా చేరిన కొత్తలో ఆయన మా పక్కింట్లో ఉండేవాడు. పరుపులు కుట్టి బతికిన మనిషి. ఏళ్ళ తరబడి దూది ఏకడంతో ఆ నుసి ఊపిరితిత్తుల్లో చేరి, మాటకొకసారి దగ్గేవాడు.

ఆ ఏడు పెరట్లో నాలుగు గుమ్మడి గింజలు వేశాను. సేద్యం సంగతి నాకేమీ తెలియదు. తీగ బాగానే పాకింది గాని, పూసిన పువ్వల్లా రాలిపోయేది. ఒక ఉదయం రాలిన పూలు ఏరుతుంటే తాత గోడ మీదుగా చూసి నవ్వాడు.

“అవి మొగపూలమ్మా, రాలక ఏం చేస్తాయి? అడుగున చిన్న పిందె ఉండే పువ్వు వచ్చినప్పుడు నన్ను పిలువు.”

పిలిచాను. మగ పువ్వు రెక్కలు తుంచి, దాని పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దాడు. “ఈ ఎండకు ఈడ తేనెటీగలు యాడుంటాయి? మనమే చేయాల. పొద్దెక్కితే పువ్వు ముడుచుకుంటాది” అన్నాడు.

మా వీధికి నాలుగు రోజులకొకసారి నీళ్ళు వచ్చేవి. ఆయన పాత కుండ అడుగున చిల్లి పొడిచి, అందులో దూది వత్తి దోపి, తీగ మొదట్లో పాతించాడు. బియ్యం కడిగిన నీళ్ళు అందులో పోస్తే చాలు, మట్టి తడి ఆరేది కాదు. నాలుగు పిందెలు నిలిచాయి. మూడు తుంచేయమన్నాడు. నాకు చేతులు రాకపోతే, “ఉండే నీళ్ళు ఒకదానికే సాలు” అని తనే తుంచాడు. మిగిలిన ఆ ఒక్కటీ బిందెంత అయింది. కోద్దామా అని అడిగినప్పుడల్లా, “తొడిమ ఎండి కట్టె అయ్యేదాకా కత్తి పెట్టొద్దు. దానికేం తొందర?” అనేవాడు.

కాయ ఇంకా రంగు తిరుగుతుండగానే తాతను అనంతపురంలో ఆసుపత్రిలో చేర్చారు. చూడడానికి వెళితే ఆయన కూతురు నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. “వారం కంటే ఉండడంట అక్కా. నాయనకు చెప్పలేదు. ఇంటికి పోతామనే అనుకుంటాండాడు. నువ్వూ చెప్పొద్దు.”

ఆ కాయను చూడకుండానే ఆయన వెళ్ళిపోతాడన్న ఆలోచన నన్ను నిలవనీయలేదు. మర్నాడు పొద్దున్నే కోసి, సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. మంచం మీద పెట్టగానే ఆయన ముఖం వెలిగింది. అరచేత్తో తడిమాడు, వేలితో తట్టి విన్నాడు. ఆ వేలు పైకి పాకి తొడిమ దగ్గర ఆగింది.

“పచ్చిగా ఉండాదే” అన్నాడు.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

“ఎన్ని దినాలంట?”

తలుపు దగ్గర నిలబడ్డ కూతురు బావురుమంది. నేనేదో సర్దిచెప్పబోతే తాత చెయ్యెత్తి ఆపాడు. “పోనీలే తల్లీ. నువ్వు తెచ్చినావు, నేను చూసినా.”

ఐదో రోజు పోయాడు. నేను కాయ తెచ్చేదాకా, ఇంటికి పోయి అది చేయాల, ఇది చేయాల అని రోజూ అనేవాడట. ఆ ఐదు రోజులూ ఇంటి మాటే ఎత్తలేదని కూతురు చెప్పింది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత చాలా గుమ్మడికాయలు కాయించాను. పువ్వుకు పుప్పొడి అద్దడం మా బడి పిల్లలకూ నేర్పాను. కానీ జబ్బుపడిన వాళ్ళను చూడడానికి వెళ్ళేటప్పుడు మాత్రం ఏమీ పట్టుకెళ్ళను. మర్యాద తెలియని మనిషినని అనుకునేవాళ్ళు అనుకుంటారు. మంచం పక్కన కూర్చుని, ఇంటికి వెళ్ళాక ఏమేం చేస్తారో వాళ్ళు చెబుతుంటే, చివరిదాకా వింటాను.