మార్కెట్‌లో చదివిన తీర్పు

నేను జైలుకు ఎప్పుడు వెళ్లినా, హత్య కేసులో శిక్ష పడిన ఆ హమాలీ నాతో ఒకటే మాట అనేవాడు: “హత్య జరిగిన దినం నేను దవాఖానల ఉన్న సార్.” అతని వకీలుగా నేను అప్పీలు వేశాక, ఆ మాటను రుజువు చేసే దవాఖాన కాగితాన్ని సర్కారు వకీలు దాచిపెట్టాడని బయటపడింది. హైకోర్టు శిక్ష కొట్టేసింది.

విడుదలైన రోజు అతను ఇంటికి పోలేదు. నన్ను కేసముద్రం మార్కెట్‌కు తీసుకెళ్లాడు. “నాకు బేడీలేసింది గీడనే సార్. తీర్పు గూడ గీడనే సదువుండ్రి.”

వడ్ల బస్తాల మధ్య నిలబడి, తోటి హమాలీలందరికీ వినబడేలా తెలుగులో చదివాను. ‘నిర్దోషి’ అన్నచోట అతను నన్ను ఆపి, మళ్లీ చదివించాడు.

హమాలీలకు పని పంచే ముసలి మేస్త్రి లేచి అతని దగ్గరికొచ్చాడు. “మేం గూడ నిన్ను అనుమానించినం బిడ్డా. రేపటిసంది పనికి రా.”

అతను బస్తా మీద కూర్చుని గట్టిగా ఊపిరి వదిలాడు.

“వస్త కాక,” అన్నాడు. “పొద్దుగాల్నే వస్త.”