మూల కాచిన నీరడి కాక

పన్నెండు రోజుల కిందట పొద్దున దీపం పెట్టి లేస్తుంటే మా తమ్ముడు గుమ్మంలో నిలబడి, "అక్కా, నీరడి కాక పోయిండు," అన్నాడు. రాత్రి జొన్న గటక తిని పడుకున్నాడట, తెల్లారి లేవలేదట. ఎవరి చేతా ఒక్క పూటైనా చేయించుకోకుండా వెళ్ళాడు. మళ్ళీ దీపం ముందు కూర్చుని ఆయన కోసం దండం పెట్టుకున్నాను.

చెరువు తూము తెరిచి మూసి, పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలే మనిషిని మా దేవరకొండ వైపు నీరడి అంటారు. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి మా ఊరికి ఆయనే నీరడి, చిన్నాన్న వరసలో అందరికీ కాక. చెరువును ఆయన ఎన్నడూ చెరువు అనలేదు, "ఆమె" అనేవాడు. "ఇయ్యాల ఆమెకు మనసు బాగలేదు బిడ్డా, తూము రేపు తీస్త," అంటే రైతులు మారు మాట్లాడేవారు కాదు. చల్ల తాగడానికి వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. నా పూజ ఎంతకీ తెమలకపోతే, "దేవునికి గూడ జర వేరే పనులుంటయి, ఇడిసిపెట్టు బిడ్డా," అని లోపలికి కేకేసేవాడు. నాకు మంత్రం మధ్యలో నవ్వు వచ్చేది.

మీకు మూల సంగతి చెప్పాలి. వాగు వచ్చి కలిసే చోట మా చెరువు ఒడ్డులోకి వంగి ఉంటుంది. మోకాటి లోతు నీళ్ళు, మెత్తటి ఒండ్రు, చుట్టూ తుంగ. దాన్నే మూల అంటాం. ఎండలు పోయి వాగులో మొదటి నీళ్ళు దిగగానే చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడి నుంచే ఎదురెక్కుతాయి. ఆ కొన్నాళ్ళూ మూలలో వల వేయకూడదు, బర్రెను దింపకూడదు, కాలు కూడా పెట్టకూడదు. అది ఊరి కట్టుబాటు. దానికి కాపలా కాక.

పదేళ్ళు దాటింది. పట్నం నుంచి వచ్చే పెద్దవాళ్ళు సేదదీరడానికి చెరువు ఒడ్డున బంగళా కడతానని ఒక దొర వచ్చాడు. పడవలు కట్టేయడానికి రాతి రేవు కూడా. చూడముచ్చటగా ఉందని మూలనే ఎంచుకున్నాడు. తుంగ పీకి, ఒండ్రు తవ్వి లోతు చేసి, రాళ్ళు పేర్చాలి. ఆ పని గుత్తకు తీసుకున్నది మా తమ్ముడే. అతనికది మొదటి గుత్త. అప్పటికే ఒడ్డున రాళ్ళు కుప్ప పోయించాడు.

మూల పోతే చేప పోతుంది. చేప మీద బతికే బెస్త ఇళ్ళలో పొయ్యి వెలగదు. ఇటు చూస్తే తమ్ముడి మొదటి పని. ఎటూ చెప్పలేక దేవుడికే విన్నవించుకున్నాను. కాక మాత్రం పోట్లాడలేదు. మా అరుగు మీదే చల్ల తాగుతూ తమ్ముణ్ణి పిలిచాడు.

"కొడుకా, మొదటి నీళ్ళ నాడు నీ దొరను తోల్కరా. గంతే."

"వచ్చి ఏం జేస్తడు కాకా?"

"ఏం జెయ్యడు. నిలవడ్తడు."

"గంత పెద్ద దొర, ఊకె నిలవడుమంటే నిలవడ్తడా?"

"నువ్వు తోల్కరా. నిలవెట్టుడు నా పని."

వాగు దిగిన మరునాటి పొద్దున్నే జీపు వచ్చింది. నేనూ వెళ్ళాను. కాక దొరకు దండం పెట్టి, "బూట్లు ఇడువుండ్రి దొరా. మెల్లగ దిగుండ్రి. దిగినంక కదలొద్దు," అన్నాడు. చేపలు ఎక్కే రోజుల్లో కాక ఒకరిని మూలలోకి దింపడం నేను చూసింది అదొక్కసారే.

దొర ప్యాంటు మడిచి దిగాడు. పక్కన మా తమ్ముడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత నీళ్ళు కదిలాయి. చేపలు గుంపుగా వచ్చి, పిక్కలకు తగిలి, తప్పుకుని పైకి పోసాగాయి. దొర ఉలిక్కిపడి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. తమ్ముడు ఒండ్రులో కూలబడ్డాడు. దొరకు నవ్వు ఆగలేదు.

"ఎక్కడికయ్యా ఇవన్నీ?"

"పుట్టింటికి దొరా. కడుపుతోటి ఉన్నయి, పురుడు పోసుకోను పోతున్నయి," అన్నాడు కాక.

దొర నవ్వు ఆపి కిందికి చూశాడు. చేపలు పోతూనే ఉన్నాయి. "మా అమ్మాయి కూడా మొన్ననే వచ్చింది," అన్నాడు మెల్లగా.

"మరి మీరు తలుపు దెరిచే ఉంచిన్రు గదా దొరా."

దొర రేవును కట్ట అవతలి కొసకు, బండల దగ్గరికి మార్చాడు. అక్కడ నీళ్ళు లోతు, తవ్వే పనే లేదు. కాకపోతే రాళ్ళన్నీ అంత దూరం మోయాలి. "మీ కాక నా నడుము ఇరగ్గొట్టిండక్కా," అని తమ్ముడు పని అయ్యేదాకా సణిగాడు. కాక రోజూ వెళ్ళి తనూ ఒక చెయ్యి వేసేవాడు. "నీళ్ళతోని తొందర పడొద్దు కొడుకా. అవి మనకన్న ముందే బయలెల్లినయి," అనేవాడట. "గివి నీళ్ళు గావు కాకా, రాళ్ళు. జర లేవట్టు," అనేవాడట మా తమ్ముడు.

నిన్న కాక దినం చేసి వస్తుంటే వాగు చప్పుడు వినిపించింది. అందరం మూల దగ్గర ఆగాం. ఎవరిదో బర్రె నీళ్ళ వైపు నడుస్తుంటే తమ్ముడు వెళ్ళి దాని మెడ మీద చెయ్యి వేసి వెనక్కి మళ్ళించాడు. తర్వాత చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, తడి అంచుకు ఇవతలే నిలబడ్డాడు. తుంగ మొదళ్ళలో చేపల వీపులు ఎండకు మెరుస్తూ, ఒకదాని వెనుక ఒకటి వాగులోకి ఎక్కుతున్నాయి.