ఏడుపు కాదన్న పిన్ని

మొన్న అమలాపురంలో కళ్ళ డాక్టరుగారు నా రెప్పలు ఎత్తి చూసి, "కళ్ళు బాగా ఎండిపోయేయండి, నీళ్ళు కారేది అందుకేనండి" అన్నారు. ఎండిపోతే నీళ్ళెలా కారతాయని అడిగాను. రెప్ప వేయకుండా ఒకేచోట చూస్తూ కూర్చున్నా, ఫ్యాను గాలి తిన్నగా మొహాన కొట్టినా కంటి తడి ఆరిపోతుందట. ఆరిన కన్ను మండి, ఆ మంటకి ధారగా నీళ్ళు వదులుతుందట. ఫోను చూడడం తగ్గించి, గుర్తుపెట్టుకుని రెప్పలు ఆర్పుతూ ఉండమని, గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టుకోమని చెప్పి చుక్కల మందు రాశారు. వింటూంటే నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం ఆయన మీద కాదు, మా పిన్ని అత్తవారి మీద.

పిన్నిని బండారులంకలో నేతనేసే ఇంటికి ఇచ్చారు. ఆ ఇంట్లో ఆవిడంత సన్నంగా అంచు నేసేవాళ్ళు లేరు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుందంటే అన్నం సంగతి ఎవరో ఒకరు గుర్తుచేయాల్సిందే. పోగు మీంచి చూపు తీసేది కాదు, రెప్ప కూడా వేసేది కాదు. కొన్నాళ్ళకి కళ్ళ వెంట నీళ్ళు మొదలయ్యాయి. ఇంకేం, పిన్నిని ఏడిపిస్తున్నాడని ఊరంతా బాబాయిని పట్టుకుంది. తాగడు, కొట్టడు, పెళ్ళాం కేకేస్తే ఉలిక్కిపడే మనిషి. ఆయన్ని టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి పెద్దమనుషులు బుద్ధులు చెప్పేవారు. ఆయన అన్నిటికీ ఆయ్, ఆయ్ అనేవాడు. ఉక్కపోతకి కళ్ళు చెమరుస్తున్నాయేమోనని, ప్రేమకొద్దీ టేబులు ఫ్యాను కొని ఆవిడ మొహానికి ఎదురుగా పెట్టాడు. నీళ్ళు రెట్టింపయ్యాయి.

ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. ఏడ్చే మనిషి పెళ్ళిచీర నేయకూడదు, ఆ ఏడుపు కట్టుకున్న పిల్లకి తగులుతుందని. పిన్ని అత్తగారికి చెప్పి చూసింది.

"ఏడుపు కాదండీ అత్తయ్యగారూ, ఇసక పడ్డట్టు మంటండీ."

"ఏడిచేవాళ్ళందరూ అలాగే అంటారమ్మా" అంది ఆవిడ. పిన్నిని మగ్గం మీంచి లేపి, ఓ మూల కండెలకి నూలు చుట్టడానికి కూర్చోబెట్టి, ఆ మగ్గం తోడికోడలికి ఇచ్చింది. మావాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? సర్దుకుపొమ్మన్నారు. కళ్ళ మాట ఎత్తడమే పిన్ని మానేసింది. అత్తగారు పోయాక ఇంట్లో నేతా మానేశారు. గుంట పూడ్చి, గచ్చు చేసి, అక్కడ ఫ్రిజ్ పెట్టుకున్నారు.

నిన్న పిన్నిని ఆ డాక్టరుగారికే చూపించాను. ఆయన అదే మాట చెప్పి, అవే చుక్కలు రాశారు. ఇంటికొచ్చి చుక్కలు వేస్తూ, పోయిన ఆ అత్తగారిని నోటికొచ్చినట్టు తిడుతున్నాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను చెప్పకుండానే, ఏడుపు కాదని ఆ డాక్టరుగారు నమ్మేరే, అమ్మాయ్" అంది.

ఆ మాటకి నా కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఆవిడ మాట నమ్మడానికి వాళ్ళకి ఒక్క నిమిషం చాలేది, నమ్మకపోవడానికి మాత్రం ఆవిడ వయసంతా వాడుకున్నారు.