అలావా చుట్టూ తిరిగిన మనిషి

తూంకుంట దాటాక లారీ ఆపి మమ్మల్ని దింపారు. అక్కడినుంచి నడకే. చలికాలం, మధ్యాహ్నం మూడు దాటింది. ఒక్కొక్కరికి తుపాకీ, నీళ్ల సీసా, గుప్పెడు అటుకులు. ఎదురుగా శామీర్‌పేట చెరువు. దాని మీద వాళ్ల ఓడ.

ఆకాశం నుంచి దిగినవాళ్లు మొదట చెరువు తీసుకున్నారు. తర్వాత చుట్టుపక్కల బావులు. చివరికి ఊళ్లలో చిక్కినవాళ్లను పూడిక తీసే పనికి పెట్టుకున్నారు. వాళ్లు గీసిన గీత దాటి బయటికి పోతే గద్దలు దిగి చంపేవి. ఆ ఇనప యంత్రాలకు గద్దలని పేరు పెట్టింది మేమే. మనిషి ఒంటి వేడిని పసిగడతాయి. మా తూటాలకు లొంగవు. చెరువు వెనక ఊళ్లో ఉన్న నలభైమందిని చీకటిపడేలోగా గీత దాటించాలి. అదే మా డ్యూటీ.

ఊళ్లోకి చేరాక గద్దల చూపు మళ్లించడానికి మా సుబేదార్ టైర్లు కాల్పించాడు. ఒక గద్ద వచ్చి చూసి వెళ్లిపోయింది. కదలని వేడిని అవి పట్టించుకోవని అప్పుడు అర్థమైంది.

పీర్లకొట్టం ముందు కూర్చుని ఇదంతా చూస్తున్నాడు ఖాజా చాచా. పీర్లను చూసుకునే ముజావర్. ఆయన పక్కనే అలావా గుంత. మొహర్రం రోజుల్లో అందులో నిప్పు రాజేసి ఊరంతా చుట్టూ తిరుగుతుంది. మా కౌకూర్‌లో నేనూ తిరిగినవాడినే.

"ఉత్త మంట బెడితే ఏమొస్తది బేటా? సుట్టు మనుషులు దిరగాలె," అన్నాడు.

"ఇప్పుడు పండుగ కాదు గద చాచా?"

"పండుగ గాకపోతె పీర్లు మనల ఇడిసిపెడ్తరా? కట్టెలు దే, జల్దీ."

పీర్లను గుడ్డల్లో చుట్టి ఆడవాళ్ల చేతికిచ్చాడు. సుబేదార్ ఊరివాళ్లను తీసుకుని కదిలాడు. గుంతలో నిప్పు రాజేసి చాచా, నేను దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. గద్దలన్నీ వచ్చి మా నెత్తిమీద నిలబడ్డాయి. గీత లోపలే ఉన్నాం కాబట్టి దిగలేదు. మంట పక్కన మనుషుల్ని విడదీసి లెక్కపెట్టడం వాటికి చేతకాదు. తిరిగే వేడి ఆగకపోతే చాలు.

పొద్దుగూకుతుండగా రేడియో పలికింది. ఆపరేటర్ గోదావరి కుర్రాడు. "అన్నా, అందరూ దాటేశారు. వచ్చెయ్యండి."

"ఇగ పోదాం పా, చాచా."

"నేనాగితె గవి అటే మర్లుతయి. నువ్ పో."

"నేనుంట. నువ్వు పో."

"రెండు సుట్లకే ఆయాసపడుతున్నవ్. నువ్వేం దిరుగుతవ్‌రా!" అని నవ్వాడు.

రేడియోలో సుబేదార్ గొంతు: "వెనక్కి రా. ఇది ఆర్డర్."

వచ్చేశాను. చాచా మీద, సుబేదార్ మీద, నడుస్తున్న నా కాళ్ల మీద పట్టరాని కోపం. కాసేపటికి వెనక వెలుతురు ఆరిపోయింది. నేనప్పటికే గీత దాటేశాను.

ఆ పీర్లు ఇప్పుడు గాజులరామారంలో ఒక ఇరుకు గదిలో ఉన్నాయి. చెరువు ఇంకా వాళ్లదే. చాచా తిరిగి రాలేదు. మొహర్రం వస్తే ఆ ఊరివాళ్లు సందులోనే అలావా తవ్వి నన్ను పిలుస్తారు. వెళ్తాను గానీ తిరగలేను. ఆరోజు చెరువు గట్టు మీద ఆగి చివరిసారి వెనక్కి చూశాను. చాచా తిరుగుతూనే ఉన్నాడు. పీరును ఎత్తుకున్నట్టే రెండు చేతులూ గుండెల దగ్గర పట్టుకున్నాడు. చేతుల్లో ఏమీ లేదు.