బీరప్ప కాళ్లకు తెలిసిన నక్ష

బీరప్ప మా నారాయణఖేడ్ బాగ్‌కు మాలీ. ఆ తోటను చూసుకునే ఆఫీసులో నేను గుమాస్తాను. ఈ కథలో నేను మంచివాణ్ని కాను, ముందే చెబుతున్నాను.

ఆ బాగ్ నిజాం జమానా నాటిది. అప్పటి తహసీల్దారు పట్నంలో తోటలు చూసి వచ్చి, తన తాలూకాకూ ఒకటి కావాలని వేయించాడు. నడుమ ఎనిమిది మూలల నీళ్ల హౌజు, దానిలోంచి నాలుగు దిక్కులకూ నాలుగు రాతి కాలువలు, కాలువల మధ్య నాలుగు మళ్లు. ఒకదాంట్లో మామిడి, ఒకదాంట్లో సీతాఫలం, మిగిలిన రెండింట్లో గులాబీ, మల్లె. తాలూకా కచేరీకి పనుల మీద వచ్చినవాళ్లు నీడన కూర్చుని పల్లీలు తిని, పొట్టు అక్కడే పోసి పోయేవాళ్లు. బావి నుంచి హౌజు దాకా నీళ్లు ఎలా వస్తున్నాయని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు.

భూమి లోపల మట్టి గొట్టాల్లో వచ్చేవి ఆ నీళ్లు. ఏటా ఎండాకాలానికల్లా చెట్ల వేళ్లు చొరబడి గొట్టాలు మూసుకుపోతాయి. మట్టి కింద జానెడు లోతున, తొమ్మిది చోట్ల రాతి మూతలున్నాయి. మూత లేపి, చెయ్యి పెట్టి, వేళ్లు లాగెయ్యాలి. అవి ఎక్కడున్నాయో చూపే నక్ష కాగితాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి.

ఆ గొట్టాలు పరిచిన కూలీల్లో బీరప్ప తాత ఒకడు. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉండేది. తండ్రి కొడుకు కళ్లకు రుమాలు కట్టి బావిగట్టు మీద నిలబెట్టేవాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి తొమ్మిది మూతల మీదా నిలబడగలిగిన రోజే పార చేతికిచ్చేవాడు. బీరప్పకు 1970లో పార వచ్చింది, నౌకరీ మాత్రం రాలేదు. పదిహేడేళ్లు రోజుకూలీగానే చేశాడు. పర్మనెంటు కావాలన్నదొక్కటే అతని కోరిక. దాని కోసం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడని నెల లేదు.

1987లో తోట మరమ్మతుకని కొత్త ఇంజనీరు వచ్చాడు. నక్ష లేనిదే పని మొదలుపెట్టలేనన్నాడు. నన్ను పిలిచి, "ఆ మాలీని అన్నీ చూపించమనండి. పర్మనెంటుకు రాస్తానని చెప్పండి" అన్నాడు.

బీరప్ప ఒప్పుకోలేదు.

"బయటోళ్లకు చూపియ్యొద్దన్నడు సారూ మా నాయిన. చూపిస్తే ఇగ మనతోని ఏం పని ఉంటది అన్నడు."

"మీ నాయిన జమానా పోయింది బీరప్పా. ఇంజనీర్ సారు నోటితోని చెప్పిండు. జల్దీ చూపియ్యి, ఆర్డరు నేనే టైపు చేస్త" అన్నాను.

నమ్మాడు. ఇంజనీరు మాట కాదు, నా మాట నమ్మాడు.

మరునాడు పొద్దున బావిగట్టెక్కి తన రుమాలు తానే కళ్లకు కట్టుకున్నాడు. "కండ్లు తెరిస్తే కాళ్లకు యాదికి రాదు" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఇంజనీరు టేపు పట్టుకుని వెనక నడిచాడు, నేను కొలతలు రాసుకున్నాను. బీరప్ప తొమ్మిది చోట్ల ఆగాడు. తొమ్మిది చోట్లా పార రాతికి తగిలింది.

ఆర్డరు నేనే టైపు చేశాను. తోట పని కాంట్రాక్టుకు ఇచ్చినందున రోజుకూలీలు ఇక అక్కర్లేదని. బీరప్పకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను.

"పర్మనెంటు అన్నవు కద సారూ."

"నా చేతిల ఏమున్నది?"

"అయితే నా నక్ష నాకియ్యి."

"అది సర్కారుదయింది బీరప్పా."

ఆ మాట ఎంత సులువుగా అనేశానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ నెలలోనే భార్య బసమ్మను వెంటబెట్టుకుని పట్నం పోయాడు. మల్లె అంట్లు కట్టిన చేతులతో సిమెంటు తట్టలు మోశాడని అతని సొంతూరు సిర్గాపూర్ వాళ్లు చెప్పారు.

1993లో ఏదో పెళ్లికని వచ్చి బాగ్ గేటు దగ్గర కనిపించాడు. తల పూర్తిగా నెరిసింది, వేళ్ల కొసలు పగిలిపోయాయి. గేటు లోపల, మరమ్మతయ్యాక తోట చరిత్ర చెక్కి నిలబెట్టిన రాయి ఉంది.

"ఏం రాసిండ్రు సారూ, జర చదువు" అన్నాడు.

చదివాను. వేయించిన తహసీల్దారు పేరు. నక్ష తయారుచేసినవారని ఇంజనీరు పేరు. కాంట్రాక్టరు పేరు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి పేరు. ఆఖరున, పూలు తెంపరాదు.

"గంతేనా?"

"గంతే."

"ఎవలు రాసిండ్రు గిది?"

అబద్ధమాడితే అతనికి తెలిసేది కాదు. కానీ నోరు రాలేదు.

"నేనే రాసిన. నీ పేరు ఇడిచిపెట్టుమని నాకెవ్వలూ చెప్పలే."

అతను ముందుకు వంగి, ఆఖరి అక్షరాల కింద రాయి మీద అరచెయ్యి పరిచాడు. చెయ్యంతా పట్టింది, కింద ఇంకా మిగిలింది.

"జాగ ఉండె కద సారూ" అన్నాడు.